నీళ్ళు తేటగానే ఉన్నాయి

తొట్టిలో చేపకి జబ్బు చేస్తే ముందు చేపని చూడకూడదు, నీళ్ళని చూడాలి. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు తొమ్మిది చేపల ప్రాణాలూ, కన్నకొడుకుతో నెలన్నరపాటు ఆడిన అబద్ధాలూ ఖర్చయ్యాయి. నాలాగే ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న అక్కచెల్లెళ్ళకి పనికొస్తుందని సిగ్గు విడిచి రాస్తున్నాను.

మాది శ్రీముఖలింగం. మధుకేశ్వరస్వామి కొలువున్న ఊరు, పక్కనే వంశధార. మా చిన్నవాడు తొమ్మిదో తరగతిలో ఉండగా పట్టుబట్టి వాళ్ళ నాన్నచేత ఒక అద్దాల తొట్టి కొనిపించుకున్నాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. యాభై లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, అయిదు నల్ల మోలీలు. గోల్డ్ ఫిష్‌లలో ఒకదానికి నుదుటి మీద నల్లమచ్చ ఉండేది. దానికి వాడు 'బొట్టు' అని పేరు పెట్టాడు. మేత వేసే వేళకి అద్దం దగ్గరకొచ్చి నిలబడేది. పదో తరగతి అయ్యాక వాణ్ణి విశాఖపట్నంలో ఇంటర్‌లో చేర్పించి హాస్టల్లో పెట్టాం. వెళ్తూ వెళ్తూ వాడు నాకు చెప్పినవి రెండే మాటలు. "వారానికి ఒక బకెట్టు నీళ్ళు తీసి, ఒక రోజు నిలవ పెట్టిన నీళ్ళు ఒక బకెట్టు పొయ్యమ్మా. మిగతాది ముట్టుకోకు."

ముట్టుకోనన్నాళ్ళూ చేపలు నిక్షేపంలా ఉన్నాయి.

2025 సంక్రాంతికి మా ఇంట చుట్టాలు దిగారు. పిల్లలు అరిసెల ముక్కలూ జంతికల పొడీ తొట్టిలో వేసి, చేపలు ఎగబడి తింటుంటే కేరింతలు కొట్టారు. పండగ కదా అని నేనూ ఊరుకున్నాను. కనుమ నాడు మా పెద్దాడబిడ్డ తొట్టి ముందు నిలబడి, "ఇల్లంతా అద్దంలా పెడతావు గానీ, ఈ తొట్టేటి వదినా ఇలగ పాచి పట్టిపోనాది?" అంది. ఆవిడ మామూలుగానే అంది. నాకే గుచ్చుకుంది. పెళ్ళయి పాతికేళ్ళవుతోంది, నా వంటింటి గట్టు మీద మరక చూసినవాళ్ళు లేరు.

చుట్టాలు వెళ్ళారు, పిల్లాడూ హాస్టలుకి వెళ్ళిపోయాడు. ఆ శుక్రవారం కొంగు బిగించి తొట్టి పనిబట్టాను. చేపల్ని గిన్నెలోకి తీశాను. నీళ్ళన్నీ పారబోశాను. అద్దాల్ని సబ్బుపొడితో తోమాను. అడుగున ఉన్న గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు ఏడుసార్లు కడిగాను. ఫిల్టరులో స్పాంజి గోధుమరంగు జిగురుతో అసహ్యంగా ఉంటే, కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. కొత్త నీళ్ళు పోసి లైటు వేస్తే తొట్టి తళతళలాడింది. ఫోటో తీసి ఆడబిడ్డకి కూడా పంపించాను.

మూడోనాటికి నీళ్ళు కలిమీద పోసిన కడుగులా తెల్లగా మబ్బు పట్టాయి. మురికి ఇంకా పోలేదనుకుని మళ్ళీ మొత్తం నీళ్ళు మార్చాను. నాలుగోనాడు ఒక మోలీ వెల్లకిలా తేలింది. ఆరోనాడు ఇంకొకటి. మిగతావి అడుగున ఒక మూల కూర్చుని మొప్పలు ఎగరేస్తున్నాయి. మా అత్తగారు దిష్టి అన్నారు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. పక్కింటావిడ పసుపు వెయ్యమంది. దుకాణంలో అడిగితే నీలం రంగు మందు సీసా ఇచ్చారు, పది చుక్కలు వేశాను. వారం తిరిగేసరికి బొట్టుకి జోడీగా ఉండే గోల్డ్ ఫిష్ కూడా పోయింది.

ఆదివారం హాస్టలు నుంచి ఫోను. పది నిమిషాలే మాట్లాడనిస్తారు. వాడి మొదటి మాట, "చేపలెలా ఉన్నాయమ్మా?"

మార్చి ఒకటో తారీకు నుంచి పరీక్షలు. ఇంటి మీద బెంగ పెట్టుకునే పిల్లాడు. "బంగారంలా ఉన్నాయి నాన్నా" అన్నాను.

మర్నాడే శ్రీకాకుళం వెళ్ళి అచ్చం అలాంటి గోల్డ్ ఫిష్ ఒకటీ, నల్ల మోలీలు రెండూ కొనుక్కొచ్చాను. ఈసారి నీళ్ళ విషయంలో ఏ లోపమూ రాకూడదని, రాత్రంతా రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు పోశాను. రాగి బిందె నీళ్ళు ఆరోగ్యమని మనం తాగడం లేదూ? నాలుగు రోజుల్లో కొత్త మోలీలు రెండూ పోయాయి. అప్పటికి అయిదు. ఆదివారం మళ్ళీ ఫోను. ఈసారి వాడు అడక్కముందే, "బొట్టు బాగుంది నాన్నా, నువ్వు చదువుకో" అన్నాను.

ఫిబ్రవరి 26న శివరాత్రి. మా ఊరికి అది ఎంత పండగో చెప్పనక్కర్లేదు. మన జిల్లావాళ్ళే కాదు, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. పండగ వెళ్ళాక చక్రతీర్థ స్నానానికి వంశధార ఒడ్డున ఇసుక వేస్తే రాలదు. అంతమంది వచ్చే రోజుల్లో నీళ్ళల్లో బ్లీచింగ్ ఎక్కువ కలుపుతారు, కలపాలి కూడా. లేకపోతే కలరాలూ విరేచనాలూ పట్టుకుంటాయి. ఆ పొద్దున్న కుళాయి తిప్పితే వాసన గుప్పున కొట్టింది. అయినా చుట్టాలొచ్చే వేళకి తొట్టి తేటగా ఉండాలని, నిలవ పెట్టకుండానే రెండు బకెట్లు తిన్నగా పోసేశాను.

పావుగంటలో చేపలు పిచ్చెత్తినట్టు అద్దాలకి కొట్టుకున్నాయి. పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. తరవాత ఒక్కొక్కటే పక్కకి ఒరిగాయి. మధ్యాహ్నానికి కొత్త గోల్డ్ ఫిష్, పాత మోలీలు రెండు, బొట్టు. బొట్టు ఆఖరున పోయింది. నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. ఒక్క నల్ల మోలీ మిగిలితే, దాన్ని పెరట్లో వాననీళ్ళు పట్టిన పాత గోలెంలో వేశాను. బొట్టుని అరటాకులో చుట్టి తులసికోట వెనక పాతిపెట్టాను. ఉపవాసం రోజు కాబట్టి నేను ఏడ్చి నీరసపడ్డానని ఎవరూ కనిపెట్టలేదు.

ఆ సాయంత్రం మా పిన్ని కొడుకు వచ్చాడు. సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. రాత్రి గుడికి వెళ్ళొచ్చి, జాగారానికి అరుగు మీద కూర్చున్నప్పుడు ఉగ్గబట్టుకోలేక అంతా చెప్పేశాను. వాడు చచ్చిన చేపల్ని చూపించమనలేదు. ఖాళీ తొట్టిలో వేలు ముంచి వాసన చూసి, వరసగా అడగడం మొదలెట్టాడు.

"అప్పా, ఒక్కసారే పోయేయా, ఒకటొకటిగా పోయేయా? నీళ్ళు మార్చిన ఎంతసేపటికి? తెల్లవారగట్ల ఎలగుండేవి, మధ్యాహ్నం ఎలగుండేవి? ఆ వారంలో ఇంట్లో కొత్తగా ఏటి చేసేవు? నీళ్ళు ఏ గిన్నెతో పోసేవు?"

"చేప సంగతి అడగవేం?" అన్నాను.

"చేప నోరు విప్పి చెప్పలేదప్పా. మనవైతే నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తాం. అది ఆ నీళ్ళల్లోనే తిని, అందులోనే విసర్జించి, అదే పీలుస్తాది. రొయ్యల కాడ మేం ముందు నీళ్ళే చూస్తాం. తెల్లారకముందే లేచి చెరువులో గాలెంతుందో కొలుస్తాం. రాత్రంతా నాచు కూడా గాలి పీల్చేస్తాది కదా, ఆ వేళకే నీళ్ళల్లో గాలి తక్కువ."

తెల్లవార్లూ వాడు చెప్పినది నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. చేప విసర్జనా, మిగిలిపోయిన మేతా కలిసి నీళ్ళల్లో అమ్మోనియా తయారవుతుంది. కంటికి కనబడదు, కొద్దిగా ఉంటే వాసనా రాదు, కానీ చేపకి విషం. నీళ్ళల్లో పుట్టే ఒక రకం మంచి క్రిములు ఆ అమ్మోనియాని తిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం క్రిములు దాన్ని నైట్రేట్ చేస్తాయి. అది కొంచెం ఉన్నా ఫరవాలేదు, వారం వారం మార్చే బకెట్టు నీళ్ళతో పోతుంది. ఈ క్రిములన్నీ ఎక్కడుంటాయి? ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద. నేను అసహ్యించుకుని పిండేసిన ఆ గోధుమరంగు జిగురులో.

నాకు వెంటనే తోడుగిన్నె గుర్తొచ్చింది. తోడు ఉన్న గిన్నెని సబ్బు పెట్టి తోమి, వేడినీళ్ళతో తొలిచి, పాలు పోసి, తెల్లారి పెరుగు తోడుకోలేదేమని పాలవాణ్ణి తిట్టినట్టుంది నా పని. పైగా ఈ తోడు ఒక్క రాత్రిలో రాదు. కొత్త తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను దాన్ని పుట్టనివ్వకుండా మళ్ళీ నీళ్ళు మార్చాను. నీలిమందు వేశాను, అది ఈ క్రిములకీ దెబ్బేనట. ఆ నీళ్ళల్లోకే కొత్త చేపల్ని దించాను.

ఇక రాగి. మన ఒంటికి కొద్దిపాటి రాగి కావాలి. కానీ చేప మొప్పలకి నీళ్ళల్లో కరిగిన రాగి అతి తక్కువైనా హానే. "రాగిబిందె నీళ్ళు నువ్వు తాగు, చేపకి ప్లాస్టిక్ బకెట్టుతో పొయ్యి" అన్నాడు. బ్లీచింగ్ సంగతీ అంతే. తాగే నీళ్ళల్లో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశంలో ప్రమాణం ఉంది. మనల్ని కాపాడేది అదే. ఆ క్లోరినే చేప మొప్పల్ని కాల్చేస్తుంది. నా కొడుకు 'ఒక రోజు నిలవ పెట్టిన నీళ్ళు' అన్నది అందుకే. వెడల్పాటి బకెట్లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, గాలి మోటారు పెడితే ఇంకా తొందరగా పోతుంది. తొందరైతే దుకాణంలో క్లోరిన్ విరిచే చుక్కలు దొరుకుతాయి.

నా శుభ్రం, నా రాగిబిందె, మా పండగ నీళ్ళు. మూడూ మనకి మంచివే, మూడూ కలిసి తొమ్మిది చేపల్ని తీశాయి.

తరవాతి వారం వాడు నీళ్ళు పరీక్షించే చిన్న పెట్టె తెచ్చిచ్చాడు. ఆక్వా దుకాణాల్లో దొరుకుతుంది. గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది. అమ్మోనియా లేకపోతే పసుపురంగు, ఉంటే ఆకుపచ్చ. మా నీళ్ళు ముదురాకుపచ్చ! తేటగా మెరిసే నీళ్ళే. అప్పటి నుంచి నేను చాకలిపద్దు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న సంగతులివి.

నీళ్ళు మార్చిన గంటలోపు చేపలన్నీ ఒక్కసారే గిలగిల్లాడితే క్లోరిన్‌ని అనుమానించాలి. లేదా కొత్తనీళ్ళూ పాతనీళ్ళూ వేడిలో బాగా తేడా ఉండుంటాయి. చెయ్యి ముంచి చూస్తే రెండూ ఒకేలా ఉండాలి.

కొత్త తొట్టిలోనో, బాగా కడిగిన తొట్టిలోనో రెండో రోజు నుంచి ఒకటొకటిగా పోతుంటే, నీళ్ళు తెల్లగా మబ్బుపట్టి మొప్పలు ఎర్రబడితే అది అమ్మోనియా. మేత ఆపాలి. రోజూ నాలుగోవంతు నీళ్ళు మాత్రం, నిలవ పెట్టినవి, మార్చాలి. అన్నీ ఒకేసారి మార్చకూడదు.

రెండు మూడు వారాల తరవాత మొప్పలు గోధుమరంగుకి తిరిగి, చేప ఆయాసపడితే నైట్రైట్. దీనికీ నీళ్ళు మార్చడమే. యాభై లీటర్లకి ఒక చెంచా రాళ్ళుప్పు కరిగించి పోస్తే కొంత ఉపశమనం.

తెల్లవారగట్ల అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి, పొద్దెక్కాక సర్దుకుంటే గాలి చాలటం లేదని. చేపలు ఎక్కువైనా, ఎండాకాలం నీళ్ళు వేడెక్కినా ఇలా అవుతుంది. కరెంటు పోయినా అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో తెలిసినవాళ్ళకి తెలుసు. అలాంటప్పుడు మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ ఉండాలి, అట్ల కాఫీ చల్లార్చినట్టు.

ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది నిజంగా జబ్బే, మందు వెయ్యాలి. అయినా చలినీళ్ళు పోశామా, నీళ్ళు చెడ్డాయా అని ముందు చూసుకోవాలి. నీరసించిన చేపనే ఆ పురుగు పట్టుకుంటుంది.

పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాములు దాటకూడదు. మేత రెండు నిమిషాల్లో తినేసినంతే వెయ్యాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు నొక్కి పెట్టెయ్యాలి. దోమలమందు కొట్టేటప్పుడు గాలి మోటారు ఆపి తొట్టి మీద గుడ్డ కప్పాలి, ఆ మోటారు గదిలో గాలినే లాగి నీళ్ళల్లోకి పంపుతుంది.

ఇవన్నీ నేర్చుకున్నాను గానీ, కొడుక్కి మాత్రం చెప్పలేదు. "ఆ గుంటడికి ఏటి చెప్తావు?" అని మా అత్తగారు రోజూ అడిగేవారు. మార్చి మూడో వారంలో ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం వాడు ఫోను చేశాడు. గుండె చిక్కబట్టుకుని, "బొట్టు లేదు నాన్నా. మిగతావీ లేవు. నా చేతులతో నేనే చంపాను" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "నాకు తెలుసమ్మా" అన్నాడు. "అడక్కముందే బొట్టు బాగుందని చెప్పేదానివి. అప్పుడే అనుకున్నాను."

నేను ఏడుస్తుంటే వాడే మళ్ళీ అన్నాడు. "నేనూ నీకు ఒకటి చెప్పలేదు. పరీక్షలకి ముందు నాకు వాంతులు, విరేచనాలు. మూడు రోజులు పడుకున్నాను. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. మామూలుగా అయితే బయట తిండి తిన్నావా, చేతులు కడుక్కున్నావా అని వాణ్ణే నిలదీసేదాన్ని. ఆ రోజు నా నోటి వెంట మా తమ్ముడి ప్రశ్నలొచ్చాయి. "నీ ఒక్కడికేనా, ఇంకెవరికైనానా? ఒక్కసారే వచ్చిందా, ఒకరి తరవాత ఒకరికా? తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి?"

వాడి అంతస్తులో పదకొండుమందికి రెండు రోజుల్లోనే వచ్చిందట. కింద అంతస్తు వాళ్ళకి లేదట. భోజనం అందరూ ఒక్కచోటే తింటారు. తాగే నీళ్ళ డ్రమ్ము మాత్రం అంతస్తుకి ఒకటి. మా వారు మర్నాడే వెళ్ళి, మరో ఇద్దరు తండ్రుల్ని వెంటబెట్టుకుని ఆ డ్రమ్ము మూత తీయించారు. లోపల చెయ్యి పెడితే జారేంత పాచి. పైన చూస్తే నీళ్ళు తేటగానే ఉన్నాయట. ఇప్పుడు వారానికోసారి అది కడిగి, ఎప్పుడు కడిగారో తలుపు మీద రాస్తున్నారు. దీన్ని మాత్రం సబ్బు పెట్టి తెల్లగా వచ్చేదాకా తోమాల్సిందేనండోయ్!

మా జిల్లావాళ్ళకి నీళ్ళని నమ్మడమంటే ఏమిటో కొత్తగా చెప్పాలా? ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో చూస్తూనే ఉన్నాం. దానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకూ కచ్చితంగా తేల్చలేదు. అయినా అక్కడి ఇల్లాళ్ళ చూపు ముందు బిందె మీదికే పోతుంది. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి మా వంశధార నీళ్ళని శుద్ధిచేసి ఆ ఊళ్ళకి పంపే పథకం మొదలైంది. గ్లాసు ఎత్తి వెలుతురులో చూస్తే తెలిసేది మట్టి ఒక్కటే. మిగతాది అడిగి, పరీక్షించి తెలుసుకోవాల్సిందే.

వేసవి సెలవులకి వాడు వచ్చేసరికి తొట్టి మళ్ళీ నడుస్తోంది. ఆరు వారాలు ఓపికపట్టి, రోజు విడిచి రోజు చుక్కలు వేసి చూశాను. ఆకుపచ్చ పోయి పసుపు వచ్చాకే గోలెంలో మోలీని తెచ్చి అందులో వేశాను. అది ఒంటరిదే, అయినా ఏప్రిల్ ఆఖరుకి పిల్లలు పెట్టింది! మోలీలు మగచేప కలిసిన నెలల తరవాత కూడా పిల్లలు పెట్టగలవని తమ్ముడు చెప్పేదాకా నేను స్వామి మహిమే అనుకున్నాను.

వాడు వచ్చీరాగానే సంచీ కింద పడేసి తొట్టి ముందు కూర్చున్నాడు. చిన్న చిన్న నల్లచుక్కల్లాంటి పిల్లల్ని వేలుపెట్టి లెక్కపెట్టాడు. తులసికోట వెనక్కి కూడా వెళ్ళొచ్చాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. సాయంత్రం ఇద్దరం కలిసి ఒక బకెట్టు నీళ్ళు తీశాం. ఆ పాత నీళ్ళలో నేను స్పాంజి నొక్కుతుంటే, నా అలవాటు తెలిసినవాడు కనక చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాలమ్మా" అన్నాడు. "కొంచెం ఉండనీ."